బెంగ ఏ అధ్యాయంలో ఉంది?

ఇంటర్ పరీక్షల టైమ్‌టేబుల్‌ని ఎప్పుడైనా తీరిగ్గా చదివారా? ఏళ్ల తరబడి మన బోర్డులు వేసిన టైమ్‌టేబుళ్లలో ఒక వరుస కనిపిస్తుంది: మ్యాథమెటిక్స్, బోటనీ, సివిక్స్, సైకాలజీ. నాలుగూ ఒకే రోజు, ఒకే మూడు గంటలు. ఎంపీసీ వాళ్లు లెక్కల పేపర్ రాస్తారు. బైపీసీ వాళ్లు బోటనీ రాస్తారు. సీఈసీ, హెచ్ఈసీ వాళ్లు సివిక్స్ రాస్తారు. ఆ నాలుగో పేపర్ రాసేవాళ్లని మీరెప్పుడైనా చూశారా? మనలో చాలామందికి అది టైమ్‌టేబుల్‌లో అచ్చయిన ఒక పేరు, అంతే.

ఆ వరుసలో ఇంకో సంగతి కూడా ఉంది. రెండు పరీక్షలూ ఒకే గంటకి పెట్టారంటే, లెక్కలు తీసుకున్న పిల్ల సైకాలజీ తీసుకోదని బోర్డు ముందే అనేసుకుందన్నమాట. ఒత్తిడి గురించి చదివేది ఒకరు, ఒత్తిడి పడేది ఇంకొకరు. ఇద్దరూ ఒకే మనిషి కావడానికి టైమ్‌టేబుల్‌లోనే దారి లేదు.

పదహారు, పదిహేడేళ్ల వయసులో సైకాలజీ చదవడమంటే ఏం చదవడం? ఎవరి మాటల్లో, ఎవరి ఉదాహరణలతో చదవడం? ఈ ప్రశ్నలతో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల పదకొండు, పన్నెండు తరగతుల సైకాలజీ పుస్తకాల్ని ఒక నవలనో కథల సంపుటినో చదివినట్టు చదివాను. సీబీఎస్ఈలో ఈ సబ్జెక్టు తీసుకున్నవాళ్లకి ఇవే పాఠ్యపుస్తకాలు. ఎవరు రాశారన్నదానికన్నా ఎవరు చదువుతారని ఊహించుకుని రాశారన్నదే నన్ను పట్టుకుంది. అందుకని నేనూ ఒక పాఠకురాలిని ఊహించుకున్నాను. ఆమెది పొందూరు. శ్రీకాకుళం జిల్లాలో, హౌరా-చెన్నై రైలు మార్గం మీద, ఖద్దరుకి పేరుపడ్డ ఊరు. పదో తరగతి అయింది. ఈ రెండు పుస్తకాలూ ఆమె చేతిలో పెడితే ఏం జరుగుతుంది?

*

మొదట మంచి చెప్పుకోవాలి, ఎందుకంటే మంచి చాలానే ఉంది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత, 2006-07లో వచ్చిన పుస్తకాలివి. చదివేవాడిని ఖాళీ కుండ అనుకోవు. ప్రతి అధ్యాయంలో నీ చుట్టూ చూడు, అడుగు, రాసుకో అంటాయి. ప్రజ్ఞ మీద రాసిన పాఠంలో ఐక్యూ దగ్గర ఆగిపోకుండా, మన దగ్గర బుద్ధి అనే మాటలో తెలివితో పాటు నలుగురితో మెలగడం, మనసుని అదుపులో పెట్టుకోవడం కూడా కలిసే ఉంటాయని చెబుతాయి. 'నేను' అనేదానికి పడమటి దేశాల్లో గీసే హద్దు ఒకలా ఉంటుందనీ, మన దగ్గర ఆ హద్దు కుటుంబం దాకా, సంఘం దాకా జరుగుతుంటుందనీ చెబుతాయి. పదిహేడేళ్ల పిల్లకి ఇది చిన్న మాట కాదు.

అన్నిటికన్నా విలువైనది మానసిక రుగ్మతల అధ్యాయం. మన ఊళ్లలో మనసు జబ్బుకి ఉన్న మాటలు తెలుసు కదా. పిచ్చి, గాలి సోకింది, దెయ్యం పట్టింది, నాటకాలాడతంది. నాలుగింటిలో మూడు మనిషిని పక్కన పెడతాయి, నాలుగోది మనిషిని దోషిని చేస్తుంది. ఈ అధ్యాయం జబ్బుని జబ్బుగా చూడమంటుంది. డిప్రెషన్ బలహీనత కాదు, దానికి లక్షణాలున్నాయి, చికిత్స ఉంది అంటుంది. ఇంట్లో ఒక మనిషి నెలల తరబడి మంచం దిగకపోతే ఏం జరుగుతోందో అర్థంకాని పిల్లకి ఈ ఇరవై, ముప్పై పేజీలు చేసే మేలు ఏ వ్యక్తిత్వ వికాసం పుస్తకమూ చేయలేదు.

ఇంకో మెచ్చుకోదగ్గ సంగతి. సీబీఎస్ఈలో సైకాలజీకి థియరీ 70 మార్కులు, ప్రాక్టికల్స్ 30. పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌లో ఒక కేస్ ప్రొఫైల్ రాయాలి. అంటే ఒక మనిషిని దగ్గరగా గమనించి, మాట్లాడి, తీర్పు చెప్పకుండా కాగితం మీద పెట్టాలి. సాహిత్యం చదివేవాళ్లకి ఇదేంటో వెంటనే తెలుస్తుంది. కథ రాయడంలో మొదటి పాఠం ఇదే. మన ఇంటర్ తెలుగు పేపర్ కూడా పిల్లల చేత ఈ పని చేయించదు.

*

ఇక పొందూరు పిల్ల దగ్గరికి వద్దాం. పదకొండో తరగతి పుస్తకంలో నైపుణ్యం నేర్చుకోవడం గురించి ఒక భాగం ఉంది. మొదటి దశలో ప్రతి అడుగూ ఆలోచించి వేస్తాం. రెండో దశలో తప్పులు తగ్గుతాయి, కదలికలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మూడో దశలో చెయ్యి తనంతట తానే పోతుంది, మనసు వేరే పని చూసుకోవచ్చు. ఫిట్స్ అనే శాస్త్రవేత్త చేసిన విభజన ఇది. చక్కగా చెప్పారు. ఉదాహరణలేమో కారు నడపడం, విమానం నడపడం, ఓడ నడపడం, షార్ట్‌హ్యాండ్.

పొందూరు పిల్ల ఈ పేజీ చదివి తలెత్తితే ఏం కనబడుతుంది? వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వే ఆడవాళ్లు కనబడతారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ల మధ్య నుంచి పత్తి గింజ చుట్టూ ఉన్న పోగులు తిన్నగా, శుభ్రంగా వస్తాయి. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం, ఏకులు చుట్టడం, రాట్నం మీద వడకడం. నూరో నంబరు నూలు దాకా చేత్తో తీస్తారు. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నం. అంత సన్నటి దారం తెగకుండా రావాలంటే ఒక చెయ్యి తిప్పే వేగమూ, ఇంకో చెయ్యి లాగే వేగమూ సరిగ్గా కుదరాలి. ఎంత లాగాలో ఏ కొలతా చెప్పదు, వేలి కొసకి తెలియాలి. ఫిట్స్ మూడో దశ ఎలా ఉంటుందో చూడాలంటే కాక్‌పిట్ అక్కర్లేదు, ఈ ఊరి అరుగు చాలు.

ఇది స్థానిక ఉదాహరణ పెట్టలేదన్న ఫిర్యాదు కాదు. జాతీయ పుస్తకం ప్రతి ఊరి పేరూ చెప్పలేదు. ఉదాహరణ ఏం చేస్తుందన్నదే నా ప్రశ్న. పైలట్‌ని ఉదాహరణగా పెడితే, నైపుణ్యం అనేది ఎక్కడో దూరంగా, జీతం బాగా వచ్చే చోట ఉంటుందని పిల్ల మనసులో పడుతుంది. వడికే ఆమెని ఉదాహరణగా పెడితే, ఇంత నైపుణ్యానికి ఇంత తక్కువ కూలి ఎందుకు అన్న ప్రశ్న అదే పేజీలో పుడుతుంది. మొదటి ఉదాహరణ పాఠాన్ని ముగిస్తుంది. రెండోది మొదలుపెడుతుంది.

*

పన్నెండో తరగతి పుస్తకంలో జీవితంలోని సవాళ్లని ఎదుర్కోవడం గురించిన అధ్యాయం ఉంది. మన పిల్లలకి అన్నిటికన్నా దగ్గరగా ఉండాల్సినది ఇదే. నా గట్టి అభ్యంతరం కూడా దీని మీదే.

ఈ అధ్యాయానికి వెన్నెముక లాజరస్ సిద్ధాంతం. ఒక సంఘటన దానంతటది ఒత్తిడి కాదు, దాన్ని మనం ఎలా అంచనా వేసుకుంటామన్నదే ఒత్తిడి. ముందు ఇది నాకు ప్రమాదమా అని చూసుకుంటాం. తర్వాత దీన్ని తట్టుకునే శక్తి నాకుందా అని చూసుకుంటాం. ఆ మీదట అధ్యాయం తట్టుకునే పద్ధతులు చెబుతుంది. శ్వాస, ధ్యానం, వ్యాయామం, సమయపాలన, హేతుబద్ధంగా ఆలోచించడం. సామాజిక ఒత్తిళ్ల ప్రస్తావన ఉంది, తోటివాళ్ల ఆసరా ప్రస్తావనా ఉంది, కాదనను. కానీ అధ్యాయం నడిచే దిక్కు మాత్రం ఒకటే. సమస్య బయటి నుంచి వస్తుంది, పరిష్కారం నీ లోపల వెతుక్కో.

మరి పిల్ల వేసుకున్న అంచనా సరైనదే అయితే? పొద్దున్న ఐదింటికి స్టడీ అవర్ మొదలై, రాత్రి పదకొండు దాకా సాగే హాస్టల్. వారం వారం టెస్టు, టెస్టు మార్కుని బట్టి సెక్షన్ మార్పు, గోడ మీద ర్యాంకుల జాబితా. ఇందులో ఉన్న పదహారేళ్ల పిల్ల ఇది నాకు ప్రమాదం అనుకుంటే ఆమె ఆలోచనలో తప్పేముంది? ఆమెకి గాఢంగా ఊపిరి తీసుకోమని చెప్పడం ఎండలో నిలబెట్టి చల్లగా ఉందనుకోమనడమే.

ఈ మాట నేనొక్కడినే అనడం లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. 2023లో విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న 17 ఏళ్ల అమ్మాయి మరణం కోర్టుకెక్కి, చివరికి 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు అయింది. అందులో దేశమంతటికీ వర్తించే 15 మార్గదర్శకాలున్నాయి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలన్నది ఒకటి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడగొట్టడం, అందరి ముందూ అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంతవరకు మానుకోవాలన్నది ఇంకొకటి. ఈ రెండో దాన్ని జాగ్రత్తగా చదవండి. పిల్ల మనసు మార్చుకోమని కాదు, సెక్షన్లు మార్చమని చెబుతోంది. అంటే కోర్టు కాగితంలో ఉన్న సైకాలజీ, పాఠ్యపుస్తకంలో ఉన్న సైకాలజీ కన్నా ఒక అడుగు ముందుంది.

నిజానికి పుస్తకానికి ఆ అడుగు వేసే చోటు ఒకప్పుడు ఉండేది. పన్నెండో తరగతి చివర్లో మనస్తత్వశాస్త్రానికీ జీవితానికీ సంబంధం చెప్పే అధ్యాయం ఒకటి ఉండేది. ఇరుకు, చప్పుడు, కాలుష్యం, ప్రకృతి విపత్తులు, పేదరికం, వివక్ష మనసుని ఏం చేస్తాయో అందులో చెప్పారు. కోవిడ్ తర్వాత, సిలబస్ భారం తగ్గించడం పేరుతో, 2022లో దాన్ని తీసేశారు. దానితో పాటు పోయిన ఇంకో అధ్యాయం, మనస్తత్వ నైపుణ్యాలు పెంపొందించుకోవడం గురించినది. గమనించడం, ఎదుటివాళ్లు చెప్పేది వినడం, ఇంటర్వ్యూ చేయడం ఎలాగో అందులో ఉండేది.

శ్రీకాకుళం జిల్లా నుంచి చూస్తే ఈ కోత ఎక్కడ తగిలిందో తెలుస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరితోటలు పడిపోయాయి. ఒక చెట్టు కాపుకి రావడానికి పట్టే ఏళ్లు లెక్కేసుకుంటే, ఆ రాత్రి ఒక కుటుంబం ఏం పోగొట్టుకుందో అర్థమవుతుంది. వలసలు ఆ జిల్లాకి కొత్త కాదు. తుఫాను తర్వాత మనుషుల మనసుకి ఏమవుతుంది, పేదరికం ఆత్మగౌరవాన్ని ఏం చేస్తుంది అని చెప్పే అధ్యాయం శ్రీకాకుళం పిల్ల అందరికన్నా బాగా చదవగలిగేది. సరిగ్గా అదే పోయింది. భారం తగ్గించారు సరే. ఎవరి భారం?

*

ఇప్పుడు భాష సంగతి. ఈ పుస్తకాల్ని ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు, హిందీ, ఉర్దూల్లో వేసింది. తెలుగు ఆ జాబితాలో లేదు. అలాగని తెలుగులో సైకాలజీ ఎవరూ చదవడం లేదనుకుంటే పొరపాటు. ఇంటర్ వయసులో చదవనివాళ్లు పాతికేళ్ల వయసులో చదువుతున్నారు, టెట్ కోసం, డీఎస్సీ కోసం. టెట్‌లో 150 మార్కులకి 30 మార్కులు శిశు వికాసం, పెడగాజీవి. శ్రీకాకుళంలో కోచింగ్ తీసుకునే ఏ అభ్యర్థినైనా కదిపి చూడండి, పియాజే దశలు నిద్రలో కూడా చెబుతారు. ఇంద్రియ చాలక దశ, పూర్వ ప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ. సాంశీకరణం, అనుగుణ్యం. కుంఠనం. కార్యసాధక నిబంధనం.

ఈ మాటల్ని వెక్కిరించడం తేలిక. కార్యసాధక నిబంధనం అంటే ఏంటో అర్థం కావాలంటే ముందు ఇంగ్లీషు మాట తెలియాలి. కానీ అదే బిట్ల పుస్తకాల్లో ఇంకో వింత ఉంది. రక్షక తంత్రాల పాఠం తీయండి. హేతుకీకరణకి ఉదాహరణ, అందని ద్రాక్షపళ్లు పుల్లన. తన లోపాన్ని ఇంకొకదాని మీదకి నెట్టడానికి, ఆడలేక మద్దెల ఓడు. విస్థాపనానికి, అత్త మీద కోపం దుత్త మీద. రెండూ ఇష్టంలేని దారుల మధ్య ఇరుక్కున్న పరిహార-పరిహార సంఘర్షణకి, ముందు నుయ్యి వెనక గొయ్యి. ఈ పని చేసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. ఏదో ఒక కోచింగ్ సెంటర్లో ఎవరో ఒక మాస్టారు, పరాయిగా ఉన్న మాట పక్కన తన నాయనమ్మ మాట తెచ్చి పెట్టారు. నా దృష్టిలో తెలుగులో సైకాలజీ పాఠం నిజంగా మొదలైంది అక్కడే.

మొదలై అక్కడే ఆగిపోయింది కూడా. బిట్ పేపర్‌కి జతపరచడం చాలు. సామెతకి ఎదురుగా పేరు పెట్టేస్తే ఒక మార్కు. దుత్త మీద కోపం ఎందుకు చూపించాల్సి వచ్చింది, అత్త మీద చూపిస్తే ఏమయ్యేది అని ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న అడిగితే ఇంట్లో అధికారం ఎవరిదో బయటికొస్తుంది, విస్థాపనం అనే మాటకి ప్రాణం వస్తుంది.

ఆ ప్రశ్న అడిగినవాళ్లు మన కథకులు, నవలాకారులు. 1940లలోనే గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర', బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' వచ్చాయి. 1969లో నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా క్యాంపస్‌లో ఒక విద్యార్థి మనసులో ఒక్క రోజు నడిచింది. వీటి గురించి చాలానే రాశారు, నేను కొత్తగా చెప్పేది లేదు. ఉత్తరాంధ్ర నుంచే ఒక్క కథ తీసుకుంటాను. శ్రీకాకుళంలో పుట్టిన చాసో రాసిన 'ఎందుకు పారేస్తాను నాన్నా'. డబ్బు లేక చదువు ఆగిపోయిన కుర్రాడు నాన్న పని మీద బయటికి వెళ్తూ, తోటి పిల్లల కంటపడతానేమోనని పడే సిగ్గు. పాఠ్యపుస్తకం దీన్ని ఆత్మగౌరవం అనే శీర్షిక కింద పెడుతుంది. పెట్టి, దాన్ని పెంచుకోవడం ఎలాగో చెబుతుంది. చాసో అలా చెప్పడు. ఆ సిగ్గు ఫీజు దగ్గర పుట్టిందని తెలిసేలా రాస్తాడు. కుర్రాడిలో ఏ లోపమూ ఉండదు. పన్నెండో తరగతి సైకాలజీ పుస్తకం పక్కన ఈ కథ పెట్టి చదివిస్తే, పుస్తకం ఎక్కడ చూపు ఆపేసిందో పిల్లలే చెబుతారు.

*

చివరగా, శీర్షికలోని మాట. రుగ్మతల అధ్యాయంలో ఆందోళన రుగ్మతల్లో ఒకటుంది, దగ్గరివాళ్ల నుంచి విడిపోతామన్న భయం వయసుకి తగని మోతాదులో ఉండటం. ఉత్తరాంధ్రలో హాస్టల్లో చేరిన పిల్లాడి గురించి ఇంట్లో వాళ్లు ఒక మాట అంటారు. గుంటడు బెంగెట్టుకున్నాడు. ఈ రెండూ ఒకటేనా?

కాదు. ఆందోళన నాలో ఉంటుంది. బెంగ ఎవరి మీదో ఉంటుంది. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. ఆ మాటకి రెండో కొస ఉంది, ఆ కొస ఇంకొకరి చేతిలో ఉంటుంది. బెంగతో జ్వరం వస్తుందని మనవాళ్లకి తెలుసు, అంటే ఒంటికీ మనసుకీ మధ్య గోడ లేదనీ తెలుసు. బెంగకి మందు ఏంటో కూడా ఆ మాటలోనే ఉంది. వెళ్లి చూడాలి, లేదా ఇంటికి తీసుకురావాలి. చిన్నబుచ్చుకోవడం కూడా అలాంటిదే. ఎవరో ఒక మాట అంటే మనిషి చిన్నదైపోతుంది. అన్నవాళ్లు లేకుండా ఆ క్రియ జరగదు. గుబులు, దిగులు, గాభరా, ఉక్రోషం, మొహమాటం, ఒక్కోదానికీ ఒక్కో ఆకారం. వీటిని పట్టుకుని ఒక అధ్యాయం రాస్తే, ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఒక్క పేరాలో చెప్పిన ఆ కదిలే హద్దు సంగతి మన పిల్లలకి పేజీలకొద్దీ అర్థమవుతుంది.

ఇది భాషాభిమానం కోసం చెప్పడం లేదు. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం ఉంది, నంబర్ 14416. తెలుగులో కూడా మాట్లాడతారు. రాత్రి పూట హాస్టల్ నుంచి ఒక పిల్ల ఆ నంబర్‌కి ఫోన్ చేస్తే, ఆమె నోట వచ్చే మొదటి మాట యాంగ్జైటీ కాదు. గుండెల్లో ఏటోలాగుంది అంటుంది. అవతలివాళ్లకి ఆ ఏటోలాగ ఎన్ని రకాలో తెలిసి ఉండాలి. అది బెంగా, గుబులా, లేక మంచం దిగనివ్వని జబ్బా అని విడదీయగలగాలి. జబ్బయితే పాఠ్యపుస్తకం చెప్పిన దారే సరైనది, డాక్టర్ దగ్గరికి పంపాలి. బెంగని జబ్బు చేసినా తప్పే, జబ్బుని బెంగే అని కొట్టిపారేసినా తప్పే. ఆ తేడా పట్టుకోవడానికి రెండు భాషలూ కావాలి.

సుప్రీంకోర్టు అడిగిన కౌన్సెలర్లు ఎక్కడి నుంచి వస్తారు? ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కోనేరు రామకృష్ణారావు 1967లోనే సైకాలజీ, పారాసైకాలజీ శాఖ మొదలుపెట్టారు. పొందూరు నుంచి విశాఖకి రైలు ఉంది. పైన యూనివర్సిటీ ఉంది, కింద టెట్ బిట్లున్నాయి. మధ్యలో ఆ రెండేళ్లే ఖాళీ. టైమ్‌టేబుల్‌లో పేరుకి ఉన్న ఆ సబ్జెక్టుని ఊళ్లలోకి తేవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక పుస్తకం కావాలి. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల నిజాయితీ ఉండాలి, తీసేసిన రెండు అధ్యాయాలూ ఉండాలి, కోచింగ్ మాస్టారి సామెతలు ఉండాలి. నైపుణ్యం గురించిన పాఠంలో రాట్నం ముందు కూర్చున్న ఒకామె ఉండాలి. ఒత్తిడి గురించిన పాఠంలో, ఊపిరి ఎలా తీసుకోవాలో చెప్పే ముందు, స్టడీ అవర్ ఎన్ని గంటలో రాసి ఉండాలి.